అడగనివారి జేబుకే చిల్లు

ధరలు పెరిగిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2024 జులైలో మొబైల్ రీఛార్జులు పెరిగాయి. 2025 ఏప్రిల్‌లో వంటగ్యాస్ సిలిండర్ మీద ఒకేసారి 50 రూపాయలు వేశారు. పెట్రోలు మీద మన తెలంగాణ రాష్ట్రం వసూలు చేసే వ్యాట్ 35.2 శాతం. వీటి విషయంలో ఒక కుటుంబం చేయగలిగింది పెద్దగా లేదు. అయితే హైదరాబాద్‌లో మధ్యతరగతి ఇంటి నుంచి నెలనెలా పోతున్న డబ్బులో మరో భాగం ఉంది. అది నిజానికి కట్టనవసరం లేని డబ్బు. నిబంధన తెలియక, ఎవరూ చెప్పక కడుతున్న డబ్బు. చెప్పాల్సిన సంస్థలు చెప్పకపోవడం మీదే మా అభ్యంతరం.

కరెంటు బిల్లు చూడండి. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున మొత్తం 820 రూపాయలు పడుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం వేరు. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. 200 దాటగానే కొత్త యూనిట్‌కే కాకుండా మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. మొత్తం 200 యూనిట్లకూ 5.10 లెక్కన వేస్తారు, పైన వాడినదానికి 7.70. వంద యూనిట్ల దగ్గరా ఇలాంటి మెట్టే ఉంది: 100 వాడితే 252.50, 101 వాడితే 344.80.

రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం లబ్ధిదారులకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా వారికి సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక కూలర్ రాత్రంతా తిరక్కపోతే పిల్లలు నిద్రపోలేరు. ఎండ ఎక్కువగా కాసిందన్న కారణానికి ఆ కుటుంబం వెయ్యి రూపాయలు కట్టడం న్యాయం కాదు. ఎక్కువ వాడినవారు ఎక్కువ చెల్లించాలన్న సూత్రంతో మాకు పేచీ లేదు. ఎక్కువ రేటు ఎక్కువ వాడిన యూనిట్లకే పడాలి, వెనక్కి వెళ్లి మొదటి యూనిట్‌ను పట్టుకోకూడదు. విద్యుత్ నియంత్రణ మండలి ఈ లెక్కను మార్చాలి. మార్చేదాకా కనీసం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఒక పని చేయవచ్చు. బిల్లు డబ్బు కోసం ఫోన్‌కు మెసేజ్ పంపే సంస్థకు, ‘మీ వాడకం కిందటి నెల 190 దాటింది, జాగ్రత్త’ అని ముందుగా ఒక మెసేజ్ పంపడం కష్టమేమీ కాదు.

నగరంలో వేల ఇళ్లలో పోర్షన్లుంటాయి. కింద ఓనర్లు, పైన అద్దెకున్నవాళ్లు, ఇద్దరికీ కలిపి ఒకే మీటరు. చెరో 150 యూనిట్లు వాడితే ఆ మీటరు మీద 300 పడతాయి, బిల్లు 1,790 రూపాయలు. విడివిడిగా మీటర్లుంటే చెరో 580, మొత్తం 1,160. నెలకు 630 రూపాయలు తేడా. పైగా అద్దెకున్నవారికి సొంత మీటరు లేకపోతే గృహజ్యోతి అర్హత ఉన్నా ఉపయోగం ఉండదు. విడి వంటగది, విడి వాకిలి ఉన్న పోర్షన్‌కు రెండో సర్వీసు కోసం దరఖాస్తు చేయమని ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడొద్దు. యజమానులు కూడా సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు తోచినంత వసూలు చేసే అలవాటు మానుకోవాలి.

ఆస్తిపన్ను దగ్గరికి వస్తే జీహెచ్ఎంసీ తీరు మాకు బాధ కలిగిస్తోంది. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కట్టేస్తే ‘ఎర్లీ బర్డ్’ కింద 5 శాతం తగ్గిస్తారు. పదివేల పన్నుకు 500 మిగులు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. కాబట్టి ఏప్రిల్‌లో కట్టగలిగినవారు కట్టడమే మంచిది. కానీ 2020లో, 2022లో, 2024లో, 2025లో బకాయిదారులకు పేరుకుపోయిన వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. క్రమం తప్పకుండా కట్టినవారికి 5 శాతం, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవారికి 90 శాతం మాఫీ. నిజంగా కష్టంలో ఉన్నవారికి మాఫీ ఇవ్వండి, ఎవరూ కాదనరు. పెద్దపెద్ద వాణిజ్య భవనాలకూ అదే వరం ఇస్తే, నిజాయితీగా కట్టే చిన్న ఇంటివాళ్లు ఏమనుకోవాలి?

జలమండలి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. దానికి ఆధార్ అనుసంధానం, పనిచేసే మీటరు ఉండాలి. మీటరు చెడిపోయి పక్కన పడి ఉంటే ఉచితం వర్తించదు, బిల్లు వస్తూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ ఒక్క సంగతి ఈ నెల మీటింగులోనే తేల్చుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు డేటా ప్యాక్ వేయిస్తున్నవారు, మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు ఉన్నాయో లేదో కనుక్కోవాలి. అలాంటివి తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. గ్యాస్ బండ తెచ్చినవారికి బిల్లు మీద ఉన్న ధర ఇస్తే చాలు, ఇంటికి చేర్చే ఖర్చు అందులోనే ఉంది. ఆరోగ్య బీమా రెన్యువల్ చేసేవారు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదని గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికంటే పెద్ద మొత్తం పోతున్నది బ్యాంకులో. ఇక్కడ నష్టం బిల్లు రూపంలో రాదు కాబట్టి కంటికి కనిపించదు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 2025 ఫిబ్రవరికి ముందు 6.50 శాతం, అదే ఏడాది డిసెంబరుకు 5.25. గృహరుణం పాత పద్ధతిలో, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే నిర్ణయించే ఎంసీఎల్ఆర్ రేటు మీద తీసుకున్నవారికి ఈ తగ్గింపు ఆలస్యంగా, అరకొరగా చేరుతుంది. రెపోకు ముడిపడ్డ రుణాల్లోనూ కొత్తగా వచ్చే ఖాతాదారుకు తక్కువ మార్జిన్ (రెపో మీద బ్యాంకు కలిపే అదనపు వడ్డీ), ఏళ్లుగా వాయిదాలు కట్టినవారికి ఎక్కువ మార్జిన్ ఉండటం మామూలైపోయింది. 40 లక్షల రుణం, 20 ఏళ్ల గడువు అనుకుంటే 9 శాతం దగ్గర ఈఎంఐ 35,989 రూపాయలు, 8 శాతం దగ్గర 33,458. నెలకు రెండున్నర వేలు తేడా. కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ఫ్లాట్ కొనుక్కున్న ఉద్యోగికి అది పిల్లల స్కూల్ బస్ ఫీజు. మారుతూ ఉండే (ఫ్లోటింగ్) రేటు గృహరుణాన్ని ముందుగా తీర్చినా, మరో బ్యాంకుకు మార్చుకున్నా వ్యక్తులకు జరిమానా లేదు. ముందు సొంత బ్యాంకుకే రాతపూర్వకంగా అడగండి: కొత్తవారికి ఇస్తున్న రేటు నాకెందుకు ఇవ్వరు? మార్జిన్‌ను మూడేళ్లు పూర్తయ్యేదాకా వేచి చూడకుండానే తగ్గించే వెసులుబాటు 2025 అక్టోబరు నుంచి బ్యాంకులకు ఉంది. మరో బ్యాంకుకు వెళ్లేముందు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చులు కలిపి లెక్క వేసుకోవడం మరవద్దు.

పొదుపు సంగతీ అంతే. పెద్ద బ్యాంకుల సేవింగ్స్ ఖాతాలో ఇప్పుడు రెండున్నర శాతమే వస్తోంది. మూడు లక్షలు అందులో అలాగే ఉంచితే ఏడాదికి 7,500. అదే డబ్బుకు డిపాజిట్‌లో 6 శాతం వచ్చినా 18,000. అవసరానికి మించిన సొమ్మును తనంతట తానే డిపాజిట్‌లోకి మార్చే ఆటో స్వీప్ సదుపాయం చాలా బ్యాంకుల్లో ఉంది, అడిగితేనే పెడతారు. అరవై దాటినవారికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకం 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తోంది. ఐదు లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 10,250 రూపాయలు చేతికి వస్తాయి. రిటైరైన టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు పీఎఫ్ డబ్బును సేవింగ్స్ ఖాతాలో పెట్టి, పై ఖర్చులకు కొడుకుల్ని అడగడానికి బిడియపడటం చూస్తున్నాం. వారి ఖాతా ఉన్న బ్రాంచిలో ఒక్కరైనా ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఎక్కువ వడ్డీ అనగానే రిజిస్ట్రేషన్ లేని చిట్టీలకు, నూటికి నెలకు మూడు ఇస్తామనే వారికి డబ్బు అప్పజెప్పే ప్రమాదం ఈ నగరానికి కొత్త కాదు. బ్యాంకు డిపాజిట్‌కైనా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకే బీమా ఉంటుంది. చిట్టీకి రిజిస్ట్రార్ అనుమతి ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టొద్దు.

బ్యాంకులు ఏటా ప్రతి రుణఖాతాదారుకు ఒక తెలుగు ఉత్తరం పంపాలి. అందులో ఆయన కడుతున్న వడ్డీ రేటు, అదే రుణానికి ఆ రోజు కొత్తవారికి ఇస్తున్న రేటు పక్కపక్కన ఉండాలి. మార్చుకోవడానికి కింద ఒక సంతకం గడి ఉండాలి. దీన్ని తప్పనిసరి చేయాలని రిజర్వు బ్యాంకును కోరుతున్నాం.