మైనస్ మూడు శాతం

అమెరికా నుంచి మేనల్లుడు వస్తున్నాడంటే చాక్లెట్లు తెస్తాడనుకున్నాం. గాజు గొట్టం తెచ్చాడు. కింద బుడ్డిలా ఉబ్బి అందులో చిన్న చిన్న గుళ్లు, పైన సన్నటి కాడ, కాడ లోపల చుట్టిపెట్టిన కాగితం మీద చీమల బారులా అంకెలు.

"హైడ్రోమీటర్ మావయ్యా, ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలిచేది. బీరు కాచేవాడికి ఇది లేకపోతే ఉప్పు చూడకుండా పులుసు దించినట్టే" అన్నాడు.

వాళ్లకేం, ఇంట్లో బీరు కాచుకోవడానికి అక్కడ 1978లోనే చట్టం చేసి పెట్టారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను లేదు. లెక్కేస్తే రోజుకి రెండు లీటర్లు. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు మీది పర్లాకిమిడి. ఇక్కడ లైసెన్సు లేకుండా బీరు కాస్తే ఇంటిముందుకి జీపు వస్తుంది. అందుకని నేను అల్లం బీరుతో సరిపెట్టుకుందామనుకున్నాను. పేరులో మాత్రమే బీరు. లోపలంతా అల్లం, పంచదార, నిమ్మరసం, కాస్త బేకరీ ఈస్టు. ఒకరోజు పులవనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సోడాలా బుసబుసలాడుతుంది.

మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. "అందులో మందు ఎంతుందో అంకెతో చూపించండి. చూపించలేకపోతే కుండతో సహా మహేంద్రతనయ ఏట్లో కలిపేస్తాను."

అమ్మకి ఈ గొడవంతా వింతగా ఉంది. "పులిసిన నీళ్లే కదరా? తరవాణికి లేని మీటరు దీనికెందుకు?" అంది. తరవాణి అంటే పులియబెట్టిన అన్నం నీళ్లు. మా ఇళ్లలో ఎండాకాలం ఆ కుండ లేకుండా రోజు గడవదు. గోడకి అటువైపు ఒడియా మావుసి ఇంట్లో అదే నీళ్లని తొరాణి అంటారు. రెండు కుండల్లోనూ ఇప్పటిదాకా నాలుకే మీటరు. కొండమీద జీలుగు కల్లు దించేవాళ్లకీ అంతే. ఆ లెక్కన మా ఊళ్లో కుండలో అంకెలు వెతికిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

సూత్రం చిన్నదే. నీళ్లలో పంచదార ఉంటే నీళ్లు చిక్కబడతాయి, గాజు గొట్టం పైకి తేలుతుంది. ఈస్టు పంచదారని తిని మందుగా మారుస్తుంది, నీళ్లు పల్చబడతాయి, గొట్టం దిగుతుంది. పులవకముందు వచ్చిన అంకెలోంచి పులిశాక వచ్చిన అంకె తీసేసి 131.25తో గుణిస్తే ఎంత శాతమో వచ్చేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు చేసే లెక్క. నాకు ఎనిమిదో తరగతి దాటి నలభై ఏళ్లయింది, చిక్కంతా అక్కడే.

అసలు పనికి ముందు మామూలు నీళ్లలో ముంచి చూడమన్నాడు మేనల్లుడు. సరిగ్గా 1.000 చూపించాలిట. స్టీలు గ్లాసు నిండా కుళాయి నీళ్లు పట్టి ముంచాను. బుడ్డి గ్లాసు అడుక్కి ఆని బల్లమీద కలంలా నిలబడింది. గ్లాసు చాలదని, మా పెళ్లికి ఎవరో చదివించిన పొడవాటి గాజు పూలగ్లాసు బీరువా పైనుంచి దించాను. ఇరవై ఆరేళ్లలో అది పనికొచ్చింది ఆ రోజే. ఈసారి గొట్టం బాగానే తేలింది. 0.996.

మళ్లీ చూశాను. 0.996. అంటే మా ఊరి నీళ్లు నీళ్లకంటే పల్చన. నీళ్లలో కూడా ఎవరో నీళ్లు కలిపారన్నమాట! మునిసిపాలిటీని తిట్టుకుంటూ ఇదే మాట మా ఆవిడతో అంటే, "అదేం చోద్యమండీ" అని తనూ ముక్కున వేలేసుకుంది.

తర్వాత కాగితం మీది అంకెల్ని ఎక్కణ్ణుంచి చదవాలన్న పేచీ వచ్చింది. నీళ్లు కాడ చుట్టూ కాస్త పైకి ఎగబాకి వంపు తిరుగుతాయి. ఆ వంపుని ఇంగ్లీషులో మెనిస్కస్ అంటారు. అంచు దగ్గర కాదు, వంపు అడుగున, కంటిని నీటిమట్టానికి దించి చదవాలి. మా ఊరు గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, ఈ మాటకి వాడుక తెలుగు ఏమై ఉంటుందా అని నేను పుస్తకాలు తిరగేస్తుంటే అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "నెలవంకలా ఉంది" అనేసింది. గ్రీకులో దాని అసలర్థం కూడా చిన్న చంద్రుడేనట. నేను మాత్రం ఆ చంద్రుణ్ణి చూడ్డానికి బల్లముందు మోకాళ్లమీద కూర్చుంటే, పేరంటానికి పిలవడానికొచ్చిన మావుసి ఏదో పూజలో ఉన్నాననుకుని బొట్టు గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయింది.

ఇక అసలు పని. రెండు లీటర్ల నీళ్లలో పావుకిలో సంత అల్లం, అరకిలో పంచదార వేసి మరిగించాను. దించి, దాని మీద మూడు లీటర్ల కుండ నీళ్లు పోశాను. మొత్తం ఐదు లీటర్లు. వెంటనే పైపైన గరిటెతో తీసి పూలగ్లాసులో పోసి గొట్టం వదిలాను. అల్లం ఆవిరికి కళ్లజోడు మసకబారింది. తుడుచుకుని చదివాను, 1.010. క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి మరీ రాశాను. గోరువెచ్చగా అయ్యాక ఈస్టు వేసి, గుడ్డ కట్టి, తరవాణి కుండ పక్కనే పెట్టాను. మే నెల కదా, సాయంత్రానికే పొంగడం మొదలైంది. రాత్రి రెండుసార్లు లేచి చెవి ఆనించి విన్నాను. మావిడి పిందె ఉప్పులో వేసినట్టు చిరచిరమంటోంది.

మర్నాడు నిమ్మరసం పిండి, వడగట్టి, మళ్లీ కొలిచాను. 1.034.

క్యాలెండరు చూశాను. నిన్న 1.010. ఇవాళ 1.034. దిగాల్సింది ఎక్కింది. లెక్క లెక్కే కదా అని ఫోన్లో కొట్టాను. మైనస్ 3.15.

"ఎంతొచ్చింది?" మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"మైనస్ మూడు."

"అంటే?"

అంటే ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు? ఆలోచించి, తాగి వచ్చినవాడికి రెండు గ్లాసులు పట్టిస్తే మత్తు దిగిపోతుందని చెప్పాను. ఎక్సైజ్ వాళ్లొచ్చి కొలిచినా భయం లేదు, వాళ్లే మనకి మూడు శాతం బాకీ.

రాత్రి మేనల్లుడికి వీడియో కాల్ చేశాం. వాడు నవ్వి నవ్వి, దగ్గి, నీళ్లు తాగి, అప్పుడు మొదలెట్టాడు.

"నీళ్లు పోశాక అడుగుదాకా కలిపావా మావయ్యా?"

లేదు. పాకం అడుగున కూర్చుంది, నేను కొలిచింది పైన తేలిన కుండ నీళ్లని.

"చల్లారాక కొలిచావా?"

అదీ లేదు. కాగితం మీద అన్నిటికంటే చిన్న అక్షరాలతో 20 డిగ్రీలు అని రాసి ఉంది. వేడెక్కితే ఏదైనా పల్చబడుతుంది కాబట్టి గొట్టం ఎక్కువ మునిగి అంకె తగ్గిస్తుంది. మా కుళాయి నీళ్ల గుట్టు కూడా అప్పుడే బయటపడింది. మిట్టమధ్యాహ్నం ముప్పై అయిదు డిగ్రీల నీళ్లు 0.996 చూపించక ఏం చూపిస్తాయి? మునిసిపాలిటీకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

"రెండోసారి గొట్టాన్ని గిర్రున తిప్పి వదిలావా?"

తిప్పలేదు. బుడగలు బుడ్డికి అంటుకుని దాన్ని పైకెత్తేస్తాయట, గాలి ట్యూబు కట్టుకుని చెరువులో దిగిన పిల్లాణ్ణి ఎత్తినట్టు. గ్యాసు పోవాలంటే ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పదిసార్లు పొయ్యాలన్నాడు. అమ్మ నా చేతిలోంచి గ్లాసులు లాక్కుని, కాఫీ తిరగబోసినట్టు బారెడు ఎత్తునుంచి పోసి చూపించింది. నురగ పోయింది. ఆ తర్వాత కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, గొట్టాన్ని తిప్పి వదిలి, చంద్రుడి అడుగున చదివితే 1.031.

"మరి మొదటిది పోయింది కదరా?"

"పంచదార తూచే వేశావు కదా. ఐదు లీటర్లకి అరకిలో అంటే 1.038 ఉండాలి. దానికి గొట్టమే అక్కర్లేదు."

చిన్న కాటాతో అయిపోయే పనికి రెండు రోజులు మోకాళ్లు అరగదీశానన్నమాట. 1.038కీ 1.031కీ తేడా ఏడు, దాన్ని 131తో గుణించి సున్నాలు సర్దితే ఇంచుమించు ఒక శాతం.

బిక్కుబిక్కుమంటూ ఆ అంకె మా ఆవిడకి చెప్పాను. తను అమ్మ వైపు చూసింది. తిరగబోసిన గ్లాసులు రెండూ ఖాళీ. "తరవాణంత పులుపు లేదురా" అని తీర్పిచ్చి ఆవిడ పడకెక్కేసింది.

"వందలో ఒకటే కదా" అన్నాను.

"సరే, వదిలేశాను. మరి మన పాలల్లో వందకి ఎన్ని నీళ్లో అది తేల్చగలదా ఇది?"

తేల్చగలదు. మంచి పాలు 1.030 దగ్గర ఉంటాయని మేనల్లుడు చెప్పాడు. పాలు తెల్లగా ఉండి వంపు అడుగు కనిపించదు కాబట్టి పైఅంచునే చదవాలనీ చెప్పాడు. మా ఆవిడ ఇవన్నీ శ్రద్ధగా రాసుకుంది, నాలాగా క్యాలెండరు మీద కాదు, పుస్తకంలో.

పొద్దున్న పాలవాడు వచ్చేసరికి తను గొట్టాన్ని కడిగి, వీధిగుమ్మంలో వెలుగుకి పట్టుకుని తుడుస్తోంది. ఇంకా గిన్నె కూడా తేలేదు. వాడు సైకిలు దిగి క్యాన్ మూత తియ్యబోయి, ఆ గొట్టం చూసి ఆగిపోయాడు.

"ఎండలు మండిపోతన్నాయి కదమ్మా," అన్నాడు, "గేదె నీళ్లు ఎక్కువ తాగేస్తంది."