వీసీ గారి జీతం అంత రహస్యమా?

ఫీజు ఒక్కరోజు లేటయితే ఫైన్ ఎంతో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఎర్రక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది, అదే దాన్ని నడిపే వీసీ (వైస్ ఛాన్సలర్) గారికి మొత్తం ఎంత ముడుతోందో వెతకండి చూద్దాం! ఎక్కడో మూల ఒక లింకు, నొక్కితే పీడీఎఫ్, అదీ అడ్డంగా స్కాన్ చేసింది, మెడ వంచి చదివితే జీతం దగ్గర "నిబంధనల ప్రకారం" అని. ఏ నిబంధన బాబూ? ఎంత?

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4లోనే ఉంది కదా, ప్రతి అధికారి నెల జీతం ఎవరూ అడక్కుండానే మీరే బయటపెట్టాలని. మళ్లీ దానికి అప్లికేషన్ పెట్టి, 30 రోజులు ఆగి, ఆపైన అప్పీలు దేనికి?

సరే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో బేసిక్ దాచినా దాగదు, ఏడో పే కమిషన్ తర్వాత యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ రూల్స్‌లో వీసీకి నెలకు 2,10,000 అని ఉంది. అసలు కథంతా ఆ పైనే. బంగ్లా, కారు, డ్రైవరు, బంగ్లా రిపేర్లు, ఫారిన్ ట్రిప్పులు... ఇవన్నీ ఏ పద్దులో పోతాయో ఆ దేవుడికే తెలియాలి. ప్రైవేటు వాటి సంగతి అడగనే వద్దు.

అమెరికాలో లాభాపేక్ష లేని ప్రైవేటు యూనివర్సిటీలు కూడా ఏటా ట్యాక్స్ శాఖకు ఇచ్చే ఫారం 990లో తమ ప్రెసిడెంట్ (అంటే అక్కడి వీసీ) జీతం చూపించాలి, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో అయితే మిగతా స్టాఫ్ జీతంతో పోలిస్తే వీసీది ఎన్ని రెట్లో కూడా అకౌంట్స్‌లో రాయాలి. ఇక్కడేమో గెస్ట్ లెక్చరర్‌కి గంటకెంతో నోటిఫికేషన్‌లో వేసి ఊరంతా చాటుతారు, పైవాళ్లది అడిగితే మాత్రం "వ్యక్తిగత సమాచారం" అట. జనం డబ్బుతో ఇచ్చే జీతం వ్యక్తిగతం ఎలా అవుతుందండీ?