ఊరికి దూరమైన ఓటు

2024 మే 13న తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభ ఎన్నికల పోలింగ్ జరిగింది. అంతకు ముందు రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో హైదరాబాద్‌లో స్థిరపడిన ఆంధ్రప్రదేశ్ ఓటర్లు కుటుంబాలతో సొంతూళ్లకు కదిలారు. విజయవాడ జాతీయ రహదారిపై చౌటుప్పల్ దగ్గరున్న పంతంగి టోల్‌ప్లాజా వద్ద వాహనాలు బారులు తీరాయి. ఆర్టీసీ అదనపు బస్సులు నడిపినా చాలలేదు. శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఓటు వేయాల్సిన ఆంధ్రప్రదేశ్‌లో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం పోలింగ్ నమోదైంది. సాయంత్రం ఆరు గంటలకు వరుసలో నిలబడి ఉన్నవారందరికీ చీటీలు పంచి, కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు వేయించారు. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 48.48 శాతం దగ్గరే ఆగిపోగా, నగరాన్ని ఆనుకుని ఉన్న భువనగిరిలో అది 76.78 శాతానికి చేరింది. నగరవాసికి ఓటు విలువ తెలియదని తీర్పు చెప్పి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. బతుకుతెరువు ఒకచోట, ఓటు మరొకచోట ఉన్న లక్షలాది మంది కష్టం ఆ మాటల కింద కనుమరుగవుతోంది.

సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటరుగా నమోదు కావాలన్నది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టిన నిబంధన. ఒకటికి మించిన చోట్ల పేరు ఉండకూడదు. నమోదు కోసం తప్పుడు ధ్రువీకరణ ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. నివాసం మారినవారు ఫారం-8 నింపి కొత్త చిరునామాకు ఓటును మార్చుకోవాలి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు చేతిలో ఉన్న ఉద్యోగికి ఇది పెద్ద పని కాదు. పుణెలో ఒక కట్టడం పూర్తికాగానే మరో కట్టడానికి తరలిపోయే పాలమూరు కూలీ మాటేమిటి? చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌లో నెలల తరబడి గడిపే శ్రీకాకుళం మత్స్యకారుడు ఏ చిరునామా రాయాలి? వారి రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ముసలి తల్లిదండ్రులు ఊళ్లోనే ఉన్నప్పుడు ఓటు కూడా అక్కడే ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు.

ఎక్కడో మారుమూల ఉన్న ఓటరు కోసం మన ఎన్నికల యంత్రాంగం పడే శ్రమను తక్కువ చేసి చూపడం మా ఉద్దేశం కాదు. రెండు కిలోమీటర్ల లోపే పోలింగ్ కేంద్రం ఉండాలన్న నియమానికి కట్టుబడి గిర్ అడవిలోని బాణేజ్‌లో ఒకే ఒక్క ఓటరు కోసం సిబ్బంది కేంద్రం ఏర్పాటు చేస్తారు. 2024లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దే ఓటు వేసే అవకాశం కల్పించారు. సైనికులకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే పోస్టల్ బ్యాలెట్ ఉంది. కశ్మీర్ లోయ నుంచి చెదిరిపోయిన పండిట్ల కుటుంబాల కోసం జమ్మూ, ఉధంపుర్, ఢిల్లీల్లో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు నడుస్తున్నాయి. నియోజకవర్గానికి దూరంగా ఉంటూ ఓటు వేయడం మన వ్యవస్థకు కొత్తేమీ కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. మన ఇళ్లూ రోడ్లూ కట్టే చేతులకు మాత్రం ఈ ఏర్పాట్లలో ఏ ఒక్కటీ వర్తించదు.

చట్టం వారికి ఇచ్చింది ఒక్క రోజు సెలవు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున యజమాని జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా 500 రూపాయలకు మించదు. పుణె నుంచి నారాయణపేటకో, బెంగళూరు నుంచి కదిరికో వెళ్లి రావడానికి ఒక్క రోజు చాలుతుందా? రానూపోనూ ఛార్జీలు, పోగొట్టుకున్న కూలి కలిపితే ఓటు వేయడం పేదవాడికి పెనుభారమే. ఈ ఖర్చు భరించలేని ఓటరు దగ్గరకు ఎవరు వస్తారో అందరికీ తెలుసు. పార్టీల మనుషులు బస్సు మాట్లాడి, దారిలో భోజనం పెట్టించి, దిగేటప్పుడు చేతిలో నోట్లు పెడతారు. అభ్యర్థి తరఫున వాహనం సమకూర్చి ఓటర్లను ఉచితంగా పోలింగ్ కేంద్రానికి చేర్చడం అదే చట్టంలోని 123(5) సెక్షన్ కింద అవినీతి చర్య. ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేయాలని కోరేవారు, బస్సెక్కినవాడికి మరో దారి ఏముందన్న ప్రశ్నకు కూడా సమాధానం చెప్పాలి.

2019 ఎన్నికల్లో 67.4 శాతమే ఓటు వేశారని, 30 కోట్లకు పైగా ఓటర్లు దూరంగా ఉండిపోయారని గుర్తిస్తూ ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ప్రతిపాదించింది. ఒకే కేంద్రం నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు నమోదు చేయగల ఆ నమూనాపై 2023 జనవరిలో పార్టీలను పిలిచి చర్చించింది. వలసదారు అంటే ఎవరు, వేరే రాష్ట్రంలోని కేంద్రంలో ఏజెంట్లను ఎలా కూర్చోబెట్టాలి, ఎన్నిక లేని చోట ప్రవర్తన నియమావళి ఎలా అమలవుతుంది అని ప్రతిపక్షాలు అడిగాయి. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి జవాబు వెతకడం మానేసి ప్రతిపాదనను అటకెక్కించడమే అన్యాయం. 2024లో మళ్లీ అదే పరిస్థితుల్లో పోలింగ్ కేంద్రాల్లో 65.79 శాతం పోలింగ్ జరిగింది.

రాష్ట్రం లోపలి వలసతో మొదలుపెట్టాలన్నది మా సూచన. హైదరాబాద్‌లో ఉన్న పాలమూరు కూలీకి, విశాఖలో ఉన్న శ్రీకాకుళం కూలీకి ఒకే రోజు పోలింగ్, ఒకే నియమావళి, అవే పార్టీలు. జిల్లా కేంద్రాల్లో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు తెరిచి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారి చేత అన్ని పార్టీల ఏజెంట్ల ఎదుట కాగితపు బ్యాలెట్ మీదే ఓటు వేయించవచ్చు. ఇందుకోసం చట్టాన్ని సవరించే పని పార్లమెంటుది. రాష్ట్రం దాటి వెళ్లినవారి సంగతి ఆ అనుభవంతో తేల్చుకోవచ్చు. ఈలోగా ఓటరు కార్డు చూపినవారికి పార్టీల ప్రమేయం లేకుండా, ఎన్నికల సంఘం పర్యవేక్షణలో ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించడానికి అడ్డేముంది?

మరో ప్రమాదం కూడా పొంచి ఉంది. 2025లో బిహార్‌లో చేపట్టిన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు తొలగాయి; శాశ్వతంగా వలస వెళ్లారనో, చిరునామాలో కనిపించలేదనో పక్కనపెట్టినవే వాటిలో సుమారు 36 లక్షలు. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. పని కోసం వెళ్లినవాడు, ఊరు విడిచిపెట్టినవాడు ఒకటి కాదన్న తేడాను ఇంటింటికీ తిరిగే బూత్ స్థాయి అధికారి గుర్తించగలగాలి. తాళం వేసి ఉన్న ఇంటిని చూసి పేరు కొట్టేసే ముందు ఫోన్ చేసి అడగాలని, నోటీసు ఊళ్లోని బంధువులకూ అందించాలని ఎన్నికల సంఘం స్పష్టమైన ఆదేశాలు ఇవ్వాలి. 2029 సార్వత్రిక ఎన్నికలకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారులు వలస ఎక్కువగా ఉండే మండలాల్లో ఈ పనిని ఇప్పుడే మొదలుపెట్టాలి.