తీరిక వేళల వకీలు

లా చదవాలా, రచయిత కావాలా అన్న సందిగ్ధంలో పడిన పిల్లవాడు ఎవరిని సలహా అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "ముందు లా పూర్తి చెయ్యి నాయనా. రాయడం అంటావా, తీరిక వేళల్లో రాసుకోవచ్చు." ఈ వాక్యాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, తీరిక ఉన్న వకీలును గాని, తీరిగ్గా పుట్టిన మంచి వాక్యాన్ని గాని జన్మలో చూసి ఉండడు.

అయినా పెద్దల మాట కాదనడం నా స్వభావం కాదు. సూత్రం మంచిదైతే తిరగవేసినా చెల్లాలి కనుక, పిల్లలందరినీ ముందు నవలాకారులను చేసి, వకాల్తాలను తీరిక వేళలకు వదిలేద్దామని నా ప్రతిపాదన.

అప్పుడు న్యాయస్థానం ఎంత శోభిస్తుందో ఊహించండి. హత్యానేరం మోపబడిన ముద్దాయి బోనులో ఉంటాడు. అతని వకీలు పగలంతా నవల రాసి, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక కేసు కట్ట విప్పి, రెండు పేజీలు చదివేసరికి కునికిపాట్లు పడి వచ్చినవాడు. వాదన వినిపించమని న్యాయమూర్తి కోరితే, "మన్నించాలి మిలార్డ్, నాలుగు రోజులుగా ప్రేరణ కలగడం లేదు, బలవంతాన వాదిస్తే వాదనలో జీవం ఉండదు" అంటాడు. న్యాయమూర్తి సానుభూతితో తల పంకించి వాయిదా వేస్తారు. ప్రాసిక్యూటర్ లేచి, ప్రత్యక్ష సాక్షి పాత్ర బలంగా రాలేదని రెండవ చిత్తుప్రతిలో తీసివేసినట్టు మనవి చేస్తాడు. ఫీజు ప్రస్తావన వస్తే ముద్దాయి నొచ్చుకుంటాడు: "ఇష్టంతో చేసే పనికి డబ్బేమిటండీ, తీర్పులో మీ పేరు అచ్చవుతుంది కదా!" చివరకు ఉరిశిక్ష పడితే, వకీలు అతని భుజం తట్టి ఓదారుస్తాడు: "దిగులు పడకండి, గొప్ప వాదనను కాలమే గుర్తిస్తుంది, అయితే సాధారణంగా మరణానంతరం."

ఇంత చెప్పినా సలహాదారు ఓడిపోడు. "మరి కాఫ్కా?" అని తురుపుముక్క వేస్తాడు. జర్మన్ భాషలో రాసిన ప్రఖ్యాత రచయిత కాఫ్కా 1906లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మాట నిజమే. మరుసటి ఏడాది ఒక బీమా కంపెనీలో చేరి, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా సాగే ఆ కొలువులో రాసుకోవడానికి వ్యవధి చిక్కక, ఏడాది తిరగకుండానే మానేసిన మాటా నిజమే. 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరాడంటే, అక్కడ మధ్యాహ్నం 2 గంటలకు వదిలిపెడతారన్నది పెద్ద ఆకర్షణ. తరువాత రాత్రుళ్లు మేలుకొని రాశాడు. ఆ రాత్రుళ్లు చాలలేదు, క్షయ సోకింది, మొదలుపెట్టిన మూడు నవలల్లో ఒక్కటీ పూర్తి కాకుండా 1924లో, 40 ఏళ్లకు కన్నుమూశాడు. ఈ మనిషినా మీరు పిల్లలకు చూపించి, "ఎంత చక్కగా రెండూ సర్దుకున్నాడో చూడు" అంటున్నారు? సిగ్గుండాలి! రచనతో అన్నం పుట్టదని భయపడుతున్నామని చెప్పండి, అది నిజాయితీ. ఎందుకు పుట్టదో కూడా చెప్పండి: మీరు పుస్తకం కొనరు, స్నేహితుడు రాస్తే ఉచిత ప్రతి అడుగుతారు, చదవకుండానే బాగుందంటారు. మీరు తెచ్చిపెట్టిన దరిద్రాన్నే సాక్ష్యంగా చూపి మీరే తీర్పు చెబుతున్నారు.

వకీలుగా ఉంటూనే కథలూ నవలలూ రాసిన మన రావిశాస్త్రి పేరెత్తేవారికి ఒక్క మాట. ఆయనకు కోర్టు అంటే రాతకు అడ్డొచ్చిన కొలువు కాదు, రాతకు ముడిసరుకు. న్యాయవాదం మీద నిజంగా మనసుపడి చేరేవారితో నాకు పేచీ లేదు. మనసు లేనివాడిని అందులోకి తోసి, పరాయి మనిషి స్వేచ్ఛను అతని చేతిలో పెట్టడం ఆ వృత్తికీ అవమానమే.

మొన్న ఇటువంటి సలహాదారు ఒకరు తన ఆత్మకథ రాసిపెట్టమని నన్ను అడిగారు. పారితోషికం ఊసెత్తితే, "తొందరేముందండీ, మీకు తీరిక దొరికినప్పుడే రాయండి" అన్నారు. పుస్తకం మీద హక్కులన్నీ తనవేనన్న ఒప్పందపత్రాన్ని మాత్రం సిద్ధంగా తెచ్చారు. దాన్ని రాసిన వకీలుకు ఫీజు ముందే చెల్లించారట.