కత్తిరించిన స్ట్రిప్పు, పేరు తెలీని మందు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఎక్కడైనా సరే, జ్వరం వస్తే మనవాళ్ళు ముందు వెళ్ళేది మెడికల్ షాపుకే. తప్పుపట్టడానికి అనడం లేదు. డాక్టర్ దగ్గరికెళ్తే ఒక పూట కూలి పోతుంది, పైన ఫీజు, టెస్టులు. షాపాయన తెలుగులో మాట్లాడతాడు, తెలిసినవాళ్ళకి అప్పు కూడా పెడతాడు. కత్తెరతో నాలుగు యాంటీబయాటిక్ (బ్యాక్టీరియాని చంపే మందు) మాత్రలు కత్తిరించి, కాగితం కవరులో వేసి, పైన పెన్నుతో 1-0-1 అని రాసిస్తాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ ముక్క మీద మందు పేరు సగం ఉంటుంది, లేదా అసలుండదు. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని గుర్తుచేసే ఎర్రగీత స్ట్రిప్పుకి ఒక అంచునే ఉంటుంది కాబట్టి అది చాలాసార్లు షాపులో మిగిలిన ముక్కలోనే ఉండిపోతుంది.

ఇలా రెండు మూడేళ్ళు గడిచాక "ఆ మందుకి నా ఒళ్ళు అలవాటు పడిపోయింది, పనిచేయట్లేదు" అంటారు. కానీ మొండికేసింది ఒళ్ళు కాదు, బ్యాక్టీరియా. ఈ-కోలై అనే మామూలు పేగు బ్యాక్టీరియా, తిండీ వెచ్చదనం బాగా దొరికితే, ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అంత వేగంగా జన్యువుల్ని నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులు దానికే చేటు, ఎప్పుడో ఒకటి మాత్రం మందునుంచి కాపాడుతుంది. మందు ఆ విద్య నేర్పదు. మిగతా కోట్లాది బ్యాక్టీరియాని చంపేసి, తట్టుకున్న ఆ కాసిన్నింటికి చోటంతా ఖాళీ చేసి ఇస్తుంది, అంతే. తట్టుకునే దారులు కూడా రకరకాలు. కొన్ని పెన్సిలిన్‌ని ముక్కచేసే ఎంజైమ్ తయారుచేస్తాయి, దీన్ని 1940లోనే, అంటే పెన్సిలిన్ ఇంకా జనానికి అందకముందే, శాస్త్రవేత్తలు గమనించారు. కొన్ని లోపలికొచ్చిన టెట్రాసైక్లిన్‌ని పంపులా బయటికి తోసేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ఏ ప్రొటీన్‌ని పట్టుకుని పనిచేస్తుందో ఆ ప్రొటీన్ ఆకారాన్నే కొంచెం మార్చేసుకునేవి మరికొన్ని. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో మార్కెట్లోకి వచ్చింది, దాన్ని కనిపెట్టినప్పుడు ఆ మందు కంపెనీ పరిశోధనలకి పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ రక్షణ జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టల మీద ఉంటాయి, వీటిని ఒక బ్యాక్టీరియా పక్కదానికి ఇవ్వగలదు, ఆ పక్కది వేరే జాతిదైనా ఫర్వాలేదు. పక్కింటివాళ్ళకి పెరుగు తోడు ఇచ్చినట్టు, ఇచ్చినవాళ్ళ గిన్నె తరగదు, తీసుకున్నవాళ్ళ గిన్నె మొత్తం తోడుకుంటుంది. అందుకే జలుబుకి మింగిన అమాక్సిసిలిన్ జలుబుతో ఆగదు. జలుబు వైరస్‌ది, దాన్ని ఆ మందు తాకనే తాకదు. దెబ్బ తగిలేది పేగుల్లో మామూలుగా బతికే బ్యాక్టీరియాకి. అక్కడ మిగిలిన మొండివి నెలల తరబడి ఉండి, తర్వాతెప్పుడో ఆ మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు బయటపడతాయి, అప్పటికి ఆ జలుబు మాత్ర ఎవరికీ గుర్తుండదు.

మన వైపు జ్వరమంటే మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. మొదటి రెండింటికీ అజిత్రోమైసిన్ వేసి లాభం లేదు, మూడోదానికి ముందుగా వాడేది డాక్సీసైక్లిన్. నాలుగోదాని సంగతి ఇంకా విడ్డూరం: ఒక్క వైడాల్ టెస్టు చేసి "టైఫాయిడ్ పాజిటివ్" అనేస్తారు. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే ప్రాంతాల్లో ఒక్కసారి చేసిన వైడాల్‌ని నమ్మడానికి లేదు. తేల్చేది బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీస్తే. షాపులో నాలుగు మాత్రలు మింగి వచ్చాక కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. టైఫాయిడ్‌కి ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ చాలేది. 1972లో కేరళలో అది లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్, అదీ పోయింది. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మీద నడుస్తోంది బండి, ఆ అజిత్రోనే మనం గొంతునొప్పికి కొనుక్కుంటున్నాం.

జబ్బు ముదిరితే ఇచ్ఛాపురం దాటి విశాఖ వెళ్తాం. అక్కడి డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, ఇంతవరకు ఏం మందులు వాడారని. రోగి దగ్గర ఉండేది పేరు లేని ముక్కలు, "తెల్ల మాత్ర, ఇంకోటి పొడుగ్గా పసుపు రంగు" అనే జ్ఞాపకం. ఆ కాస్త సమాచారంతో డాక్టర్ ఇంకా పెద్ద మందు ఎత్తుకోక ఏం చేస్తాడు? బ్యాక్టీరియాని ఆ పెద్ద మందులకీ లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 (ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ) జన్యువు 2008లో బయటపడింది, భారత్‌లో చికిత్స చేయించుకుని స్వీడన్ వెళ్ళిన రోగిలో. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారని 2010లో మన ప్రభుత్వం కోప్పడింది. పేరు మీద చూపిన పట్టుదల షాపుల తనిఖీ మీద చూపించి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో వచ్చిన అంచనా.

"కోర్సు పూర్తి చేయండి" అని పోస్టర్లు వేయడం తేలిక. టీబీకి అది అక్షరాలా నిజం, మధ్యలో ఆపితే ప్రమాదమే. మామూలు ఇన్ఫెక్షన్లలో చాలావాటికి తక్కువ రోజులే చాలని ఇప్పుడు వైద్యులే అంటున్నారు, అదెన్నాళ్ళో డాక్టర్ చెప్పాలి. కానీ అసలు అక్కర్లేని మందుని ఎంత పద్ధతిగా పూర్తిచేసినా చెడే. కోళ్ళఫారాలు, రొయ్యల చెరువుల్లో ఈ మందుల వాడకం కథ మరో రోజు రాస్తాం. ఆహారం కోసం పెంచే జీవాలకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించిన సంగతి మాత్రం దాణా అమ్మేవాళ్ళకి గుర్తుచేస్తున్నాం.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అమల్లో ఉంది. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి అమ్మితే ఎవరు రాశారు, ఎవరు కొన్నారు, ఎన్ని మాత్రలు అనేది విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. కేరళ 2024లో "ఆపరేషన్ అమృత్" పేరుతో చీటీ లేని అమ్మకాల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో, అవతల శ్రీకాకుళంలో ఆ రిజిస్టర్లు చివరిసారి ఎప్పుడు తిరగేశారో రెండు రాష్ట్రాల డ్రగ్ ఇన్‌స్పెక్టర్లూ చెప్పాలి. ఒక్క వైపే తనిఖీ చేస్తే జనం రెండో వైపు షాపుకి వెళ్తారు, పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరమని. షాపులవాళ్ళు కనీసం మందు పేరు, గడువు తేదీ కవరు మీద రాసివ్వాలి, బిల్లివ్వాలి. అలాగని షాపు మూసేసి మనిషిని ఎక్కడికి పొమ్మంటారు? ఒడిశాలో ఉచిత పరీక్షలకి నిదాన్ పథకం ఉంది. కల్చర్ ఏ ఆసుపత్రిలో చేస్తారు, ఏ వేళలో రక్తం తీస్తారు, రిపోర్టు ఎన్నాళ్ళకి వస్తుంది, ఇవన్నీ ఒడియాతోపాటు తెలుగులోనూ బోర్డు రాసి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందూ పెట్టాలి, వానాకాలం జ్వరాలు మొదలయ్యేలోపే.