చేతివాటం అంటే దొంగతనం కాదా?

పొద్దున్నే తిరుపతిలో ఏ టీ కొట్టు దగ్గరైనా జిల్లా పేజీ తిప్పి చూడండి. వారంలో ఒకసారైనా ‘చేతివాటం’ కనిపిస్తుంది. క్యాషియర్ చేతివాటం, రేషన్ డీలర్ చేతివాటం, కౌంటర్ సిబ్బంది చేతివాటం. అదే పేజీలో కింద, బస్టాండు బయట భక్తురాలి సంచిలోంచి వెయ్యి రూపాయలు తీసిన కుర్రాడు మాత్రం ‘దొంగ’. క్యాషియర్ లక్షలు తీసినా హెడ్డింగులో ఆ మాట పడదు. అతని చెయ్యి కాస్త అటు ఒరిగిందంతే.

వాటం అంటే ఒరగడం, అలవాటుగా కుదిరిన తీరు. గాలివాటం అంటాం, ఎడమచేతి వాటం అంటాం. కత్తిపీటను వాటంగా పెట్టుకుని కూరలు తరుగుతాం. ఇంత నిరపాయమైన మాటను చేతికి తగిలించేసరికి దొంగతనానికి ఎక్కడలేని మర్యాద వచ్చింది. పైగా చేతివాటం ‘చేశాడు’ అని ఎవరూ అనరు. ‘చూపించాడు’ అంటారు. పేపర్లయితే ఇంకో మెట్టెక్కి ‘ప్రదర్శించాడు’ అని రాస్తాయి, అదేదో కోలాటమైనట్టు. చోరకళ కూడా అరవై నాలుగు కళల్లో ఒకటని సరదాకి చెప్పుకునే వాళ్లం కదా, ఆ క్రియ మనకి వింతగా తోచదు.

మాటల్లో అయితే చిత్తూరు వైపు జనం ఇంత సుతారంగా చెప్పరు. ‘పర్సు కొట్టేసినారు’, ‘బండి ఎత్తుకుపోయినారు’, ‘లెక్కలో నూరు నొక్కేసినాడు’. ఒక్కోదానికి ఒక్కో చోటుంది. కొట్టేయాలంటే జేబు కావాలి. నొక్కేయాలంటే డబ్బు ముందు మనమే వాడి చేతిలో పెట్టి ఉండాలి. సర్కారు సొమ్మయితే నొక్కడం చాలదు, మింగాలి. ఇక రైతు సరుకు తూకంలో పోయే కిలోలకు దొంగతనమన్న పేరే లేదు, అది ‘తరుగు’.

చేతివాటం పెద్ద ఉద్యోగులకే అంటగట్టే మాట అనుకుంటే పొరపాటే. ‘ఆ పనిమనిషికి చేతివాటం ఎక్కువ, చూసుకో’ అని పక్కింటావిడ చెవిలో వేస్తుంది. పెళ్లి విడిదిలో వెండి కుంకుమభరిణె మాయమైతే ఫలానా అత్తయ్య చేతివాటం గురించి గుసగుసలాడుకుంటారు. క్యాషియర్‌కీ పనిమనిషికీ అత్తయ్యకీ కలిసేది ఒక్కచోటే: ముగ్గురినీ మనమే లోపలికి రానిచ్చాం. గోడ దూకి వచ్చినవాడికి చేతివాటం ఉందని ఎవరూ అనరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు గానీ, పట్టుకున్నా నోరారా దొంగ అనలేకపోవడం మన అసలు ఇబ్బంది. నమ్మి తాళం ఇచ్చింది మనమే కాబట్టి, ఆ మాట అంటే మన తెలివికీ తగులుతుంది.

చట్టానికి ఈ మొహమాటం లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి 303వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు. గుమస్తానో నౌకరో యజమాని సొత్తు దొంగిలిస్తే 306 కింద 7 ఏళ్ల దాకా. 1860 నాటి ఐపీసీలోనూ 379కీ 381కీ ఇదే తేడా. అంటే చట్టం ఎక్కడ గట్టిగా పట్టుకుందో, సరిగ్గా అక్కడే మన భాష మెత్తబడింది.

ఈ సంగతి తిరుపతిలో ఉన్నవాళ్లకి బాగా తెలియాలి. తిరుమల పరకామణిలో హుండీ కానుకలు లెక్కపెట్టేవాళ్లు జేబుల్లేని బట్టలతో లోపలికి వెళ్లాలి. ఇంత కట్టుదిట్టంలోనూ విదేశీ నోట్లు తీశాడని, 2023 ఏప్రిల్‌లో అక్కడ పనిచేసే ఒక గుమస్తాపై కేసు పెట్టారు. సెప్టెంబరులో లోక్ అదాలత్‌లో అది రాజీతో ముగిసింది. 2025లో హైకోర్టు ఆదేశాలతో సీఐడీ దిగింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది, నాకు ఆసక్తి మాటల్లో. మొదట్లో మా వీధి అరుగు మీద ‘చేతివాటం’గా వినిపించిన వ్యవహారం, సీఐడీ పేరు వచ్చాక ‘పరకామణి చోరీ’ అయి కూర్చుంది.

ఇంతకన్నా మెత్తటి మాట ఇంకోటుంది: ‘పోయింది’. ఆమధ్య శ్రీకాళహస్తి నుంచి వస్తుంటే బస్సులో నా ఫోను పోయింది. చూశారా, నేనూ అలాగే రాశాను. జారిపడినా పోయిందే, ఎవడైనా లాగేసినా పోయిందే. గుడి ముందు చెప్పులు పోతే ‘పోనీలే, శని వదిలింది’ అనుకుంటూ ఉత్తి కాళ్లతో నడిచి వచ్చేస్తాం. దొంగకు దక్షిణ ఇవ్వడమొక్కటే తక్కువ.

నేను అంత తేలిగ్గా తీసుకోలేదు. స్టేషనుకు వెళ్లి, దిగే రద్దీలో ఎవరో జేబులోంచి లాగేశారని రాసిచ్చాను. కానిస్టేబుల్ రెండు లైన్లు చదివి కాగితం నా వైపే జరిపాడు.

‘కొట్టేసినారని రాస్తే కేసు కట్టాల, సామీ. పోయిందని రాయండి. సర్టిఫికెట్ ఇప్పుడే ఇచ్చేస్తాం, సిమ్ తీసుకోవచ్చు.’

ప్రయాణికుల బండిలో దొంగతనం 305వ సెక్షన్ కిందికి వస్తుందనీ, దానికీ 7 ఏళ్ల దాకా శిక్ష ఉందనీ ఆ రోజు నాకు తెలియదు. తెలిసినా వాదించేవాణ్ణి కాదేమో. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే రావాలి, ఒకటే టెన్షన్. కొత్త కాగితం అడిగి తీసుకుని ‘ప్రయాణంలో నా ఫోను పోగొట్టుకున్నాను’ అని రాశాను. కానిస్టేబుల్ తల ఊపి ముద్ర వేశాడు. సాయంత్రానికి సిమ్ చేతికొచ్చింది.