గడియారం సెంటర్ల ఉన్న మా ఫ్లెక్సీకి

మహారాజశ్రీ ఇరవై బై పది ఫ్లెక్సీ గారి సముఖానికి, నిచ్చెన ఎక్కి నీకు స్టిక్కరు అంటించినోడు నమస్కరించి రాసుకునేది.

ఉభయకుశలోపరి. నీ కుశలం నాకు రోజూ కనిపిస్తనే ఉన్నది. ఎడమ దిక్కు తాడు తెగింది. పతంగుల గాలికి టపటపా కొట్టుకుంటున్నవు. సంక్రాంతి కబడ్డీ పోటీలు ఒడిసి ఇన్ని దినాలైనా నిన్ను దించుడు ఎవ్వరికీ యాదికి రాలే. కట్టెటప్పుడు పదిమందిమి, ఇప్పేటప్పుడు ఒక్కడు లేడు. నల్లగొండల ఏ ఫ్లెక్సీ బతుకైనా ఇంతే, మనసుల పెట్టుకోకు.

నీ మీద పదిహేను ముఖాలు అచ్చేసినం. పైన అధ్యక్షుడు, ముఖ్య అతిథి, స్పాన్సరు, మూరెడు మూరెడు తలకాయలతోటి. కింద పన్నెండు మంది ఆడే పిలగాండ్లు, బెత్తెడు బెత్తెడు. ఆ పన్నెండుల ఎడమ నుంచి నాలుగో జాగల ఇప్పుడు ముఖం లేదు. ఆడ "మత్తు వద్దు, ఆట ముద్దు" అనే గుండ్రటి స్టిక్కరున్నది. మెడ కింద జెర్సీ, జెర్సీ మీద నంబరు, చేతులు కట్టుకోని ఛాతి ఇరిసి నిలబడ్డ తీరు, అంత అట్లనే ఉన్నది. దూరం నుంచి చూస్తే నినాదానికే చేతులు మొలిచినట్టు కొడ్తున్నది.

నీకు జరిగిన కథ ఎవ్వరు చెప్పి ఉండరు, నేనే చెప్త. పోటీలకు వారం ముందట చెరువు కట్ట మీద నలుగురు పిలగాండ్లు గంజాయి తాగుకుంట పోలీసోళ్లకు దొరికిర్రు. అందుల మనోడొకడు. మూత్రం పరీక్షల వచ్చింది. తల్లిదండ్రులను పిలిపిచ్చి, కౌన్సెలింగ్ ఇచ్చి, ఇంటికి పంపిర్రు. అక్కడికి పోలీసోళ్ల కథ ఒడిసింది. మన క్లబ్బు కథ షురూ అయింది.

అత్యవసర సమావేశం పెట్టినం. పిలగాని సంగతి ఛాయ్ వచ్చేలోపే తేలిపోయింది: జీవితకాల బహిష్కరణ. నీ సంగతి తేలడానికి మాత్రం రెండు రౌండ్ల ఛాయ్, ఒక రౌండు మిర్చి బజ్జీలు పట్టినయ్. కొత్తది కొట్టిద్దామా, ముఖమ్మీద రంగు పూద్దామా, స్టిక్కరేద్దామా? కోశాధికారి లెక్కేసిండు, స్టిక్కరే సౌక. పిలగాన్ని పిలిచి ఒక్కమాట అడుగుదామా అన్నది ఎజెండాలనే లేదు. వానికి సంగతి ఎట్ల తెల్సిందంటవా? వాట్సాప్ గ్రూపుల నుంచి అడ్మిన్ తీసేసిండు. అదే నోటీసు, అదే విచారణ, అదే తీర్పు.

జీవితకాలం అంటే ఎవరి జీవితకాలమని నాకు అనుమానమొచ్చింది. పిలగానికి పంతొమ్మిదేండ్లు. క్లబ్బుకు ఆరేండ్లు, అండ్ల రెండేండ్ల నుంచి రెన్యువల్ కాలేదు.

మీటింగుల నోరు తెరిచింది కోచ్ ఒక్కడే. "సార్, రబాడ గూడ ఇట్లనే దొరికిండు గదా" అన్నడు. "రబాడనా, ఏ మండలం?" అన్నడు అధ్యక్షుడు. దక్షిణాఫ్రికా బౌలరని చెప్పంగనే ఆయనకు ఇంట్రెస్టు పోయింది. నీకైతే టైముంది, యాడికి పోవు, ఇను. 2025 జనవరిల అక్కడి ఎస్‌ఏ20 లీగుల రబాడకు చేసిన పరీక్షల మత్తుమందు బయటపడ్డది. ఏప్రిల్‌ల గుజరాత్ టైటాన్స్‌ను ఇడిసి, సొంత కారణాలని చెప్పి ఇంటికి పోయిండు. చికిత్స కార్యక్రమం పూర్తి చేసిండు కాబట్టి మూడు నెలలు పడాల్సిన నిషేధం ఒక్క నెలకు తగ్గింది. మే నెలల మళ్ల అదే జట్టుల కలిసిండు. జూన్‌ల లార్డ్స్‌ల టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడి, ఆస్ట్రేలియావి 9 వికెట్లు తీసిండు, కప్పు వాళ్ల దేశానికి పోయింది. అదే మనిషి మన క్లబ్బుల ఉంటే ఆ ఫైనల్ నాటికి ముఖమ్మీద స్టిక్కరుతోటి గడియారం సెంటర్ల ఏలాడుతుండె.

కోచ్ ఇంక ఆగలే. "ఇది వాడా రూలు సార్, వాడా అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, 2021 నుంచి ఉన్నది. గంజాయి, కొకైన్ లాంటివి పోటీ లేనప్పుడు, ఆట కోసం కాకుండ వాడిండని తేలితే మూడు నెలలు, చికిత్సకు పోతే ఒక నెల." అధ్యక్షుడు బజ్జీ కొరికి అన్నడు: "వాడా రూలు మనకెందుకయ్యా, మన వాడ రూలు మనకున్నది."

లండన్ల రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల ముచ్చట గూడ కోచ్ చెప్పబోయిండు గానీ అప్పటికే సంతకాలు మొదలైనయ్. 1994ల పాల్ మెర్సన్ అనేటాయన తాగుడు, జూదం, కొకైన్ మూడూ ఉన్నయని ఒప్పుకుంటే ఆర్సెనల్ ఆయన్ను ఇడిసిపెట్టలే. చికిత్సకు పోయి, 1995 ఫిబ్రవరికల్లా మళ్ల మైదానంలకొచ్చిండు. పదేండ్లకు, 2004ల, కొకైన్‌తోటి దొరికిన ఏడ్రియన్ మూటును చెల్సీ పనిలకెళ్లి తీసేసింది. ఏడు నెలల నిషేధం అయిపోంగనే ఆయన ఇటలీల ఆడుకున్నడు. చెల్సీ మాత్రం 1.7 కోట్ల యూరోల పైచిలుకు నష్టపరిహారం కోసం ఏండ్లకేండ్లు ఆయనెంబడి పడ్డది. ఒకటి దవాఖానకు తోలింది, ఒకటి వకీలు దగ్గరికి తోలింది. మనకు వకీలును పెట్టుకునే పైసల్లేవు కాబట్టి స్టిక్కరు కాడ ఆగినం.

ఇగ అసలు ముచ్చట. ఇది నీకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. పోయినేడు సెమీఫైనల్‌కు ముందట, అరువుకు తెచ్చుకున్న రైడరొకడు టెంటు ఎనుక సూది ఏసుకున్నడు. అది మెఫెంటర్మిన్. ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు. పోటీల వాడొద్దని నిషేధ జాబితాల ఉన్నది, గుండె మీదికి తెస్తది. చూసినోళ్లల నేనొకణ్ని. "ఏంది గది?" అంటే "బీ కాంప్లెక్సు" అన్నరు. సరే బీ కాంప్లెక్సే అనుకున్న. ఆ దినం వాడు కూతకు పోతే ముగ్గురు నలుగురిని ముట్టుకొచ్చిండు. మనం గెలిచినం. అధ్యక్షుడు వానికి శాలువ కప్పిండు, ఆ ఫొటో పోయినేటి ఫ్లెక్సీ మీద, అంటే మీ అన్న మీద, నడిమిట్ల ఉండె.

గంజాయి తాగినోడు కూతకు పోతే కాళ్లు బరువెక్కి లైను కాడ దొరుకుతడు. క్లబ్బుకు పాయింటు పోతది. సూదోడు పాయింటు తెస్తడు. ఆటల మోసం చేసేది సూది, తాగినోన్నే తినేది గంజాయి. మనం మోసానికి శాలువ కప్పినం, రోగానికి స్టిక్కరేసినం.

రోగమంటే కోపానికి వస్తరు మావోళ్లు. "తాగుమని మేం చెప్పినమా" అంటరు. మనది కల్లు దేశం గదనే ఫ్లెక్సీ. పాలమూరుల, మన దిక్కు గూడ, చెట్టు కల్లు సాలక డిపోలల్ల క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు పోసిన సంగతి ఎవరికి తెల్వదు? దాడులు చేసి ఆ కల్లు బంద్ చేసినప్పుడల్లా సర్కారు దవాఖానలకు ఎంతమందిని మోసుకొచ్చిర్రో. చేతులు వణుకుడు, ఫిట్సు, లేనివి ఉన్నట్టు మాట్లాడుడు, మంచానికి కట్టేస్తే తప్ప ఆగకపోవుడు. అండ్ల ముసలోళ్లున్నరు, నాట్లేసే ఆడోళ్లున్నరు. వాళ్లను ఊరి నుంచి ఎవడన్న బహిష్కరించిండా? రేషన్ కార్డు మీది ఫొటోకు స్టిక్కరేసిండా? గ్లూకోజు ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నం. మత్తు ఇడిస్తే మనిషి ఎట్లయితడో ఈ జిల్లాకు ఎవ్వరూ పాఠం చెప్పే పని లేదు. పంతొమ్మిదేండ్ల పిలగాని కాడికొచ్చేసరికి మర్సిపోయినం.

ఇంకో ముచ్చట. నీ నడుమున "మత్తు వద్దు" అని ఉన్నది, నీ అడుగున "సౌజన్యం" అని రాసి ఒక బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంట్ పేరున్నది, మూడు ఫోన్ నంబర్లతోటి. ఇండ్ల నీ తప్పేం లేదు, మేం ఏది అచ్చేయిస్తే అదే మోసినవు. ఆ మూడు నంబర్ల పక్కన ఇంకొకటి పడ్తుండె. 14446. మత్తు మాన్పించేటందుకు సర్కారు పెట్టిన ఫ్రీ నంబరు. జాగ సరిపోలే.

పిలగాడు సుద్దపూస అని నేను అంటలే. మత్తుల ఉన్నోణ్ని ఆట కోర్టుల దించొద్దు. కబడ్డీల ఒక్క పట్టు తప్పితే ఎదుటోని మెడ పోతది. పొద్దుగాల ప్రాక్టీసుకొచ్చే స్కూలు పోరగాండ్లు వాని నడకను గూడ నకలు కొడ్తరు. అందుకే మ్యాచుల నుంచి ఆపుడు రైటే. వాడు అమ్ముతున్నడని తేలుంటే అది మా పనే కాదు, పోలీసోళ్లది. అరవై ఐదో నంబరు హైవే మీద కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ల మీంచి హైదరాబాద్‌కు ఎంత సరుకు పోతుందో వాళ్లకే ఎరుక. గానీ మ్యాచులకెళ్లి ఆపుడు వేరు, గేటు బయట నిలబెట్టుడు వేరు. గ్రౌండు బంద్ చేస్తే పొద్దుగాల ఐదింటికి లేచే పిలగాడు యాడికి పోవాలె? మళ్ల కట్టకే పోతడు. అక్కడ వానిని బహిష్కరించినోడు ఎవ్వడు లేడు.

ఎన్నాళ్లు ఆడొద్దు, ఏం చేస్తే మళ్ల రానిస్తం అని ఒక కాయితం మీద రాసియ్యాలె. కమిటీల ఎవడో ఒకడు బండి మీద ఎక్కించుకోని డాక్టరు కాడికి తీసుకపోవాలె, ఒక్కసారి కాదు, ఐదారు సార్లు. 1985 నాటి మత్తుమందుల చట్టం ఎంత గట్టిదో అందరికీ తెల్సు. దాంట్ల గూడ 64ఏ అని ఒక సెక్షనున్నది: తాగి దొరికిన అలవాటోడు తనంతట తాను చికిత్సకు పోతే కేసు ఉండదు. అంత కఠినమైన చట్టంల ఇంత సందు పెట్టిర్రు. మా బైలాసుల సూది దూరే సందు గూడ లేదు. ఈ సూది వేరే, ఆ సూదికైతే సందు మస్తుగుండె.

ఇదంతా మీటింగుల ఎందుకు చెప్పలేదని అడుగుతవు. అప్పుడు నా నోట్ల బజ్జీ ఉండె. ఒడిసినంక నిచ్చెన నా చేతిల పెట్టిర్రు.

మొన్న ఆదివారం పిలగాని తల్లి ఇంటికొచ్చింది. గ్రౌండు లొల్లి ఎత్తలే, ఎవ్వర్నీ తిట్టలే. "సారూ, ఆ ఫ్లెక్సీ దించితే నాకియ్యున్రి, బర్రె కొట్టం మీద కప్పుకుంట, రేకు పలిగింది" అన్నది. ఇస్తనన్న. పోయేటప్పుడు గుమ్మం కాడ ఆగి, "ఆ గుండ్రటిది ఊడొస్తదా సారూ?" అని అడిగింది. ఊడొస్తదో, ముఖాన్ని గూడ పట్టుకోనొస్తదో నాకు తెల్వదు. గట్టి గమ్మే కొన్నం.

స్టిక్కరు తీసి ఇయ్యాల్నా, ఉంచి ఇయ్యాల్నా అని కమిటీని అడిగిన. వచ్చే మీటింగు ఎజెండాల పెడ్తమన్నరు.

ఇట్లు,
నీ నిచ్చెన ఎక్కిన జాయింటు సెక్రటరీ